వయసు మళ్లిన పొడవాటి బొచ్చు పిల్లికి తరచూ వెంట్రుకల ఉండలు వస్తుంటే ఏం చేయాలి

పొడవాటి బొచ్చున్న పిల్లి ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండను కక్కితే పెద్దగా కంగారు పడనవసరం లేదు. అదే పిల్లి పదేళ్లు దాటాక వారానికొకసారో, అంతకంటే తరచుగానో కక్కడం మొదలుపెడితే చాలామంది ముందుగా చేసే పని హెయిర్‌బాల్ జెల్ (మింగిన వెంట్రుకలు జారిపోవడానికని అమ్మే లేహ్యం లాంటిది) తెచ్చి నాకించడం. ఈ వ్యాసంలో జెల్ ప్రస్తావన దాదాపు చివరన వస్తుంది, దానికి కారణం ఉంది. మీ పిల్లి బొచ్చు అయిదేళ్ల కిందట ఎంత పొడవుందో ఇప్పుడూ ఇంచుమించు అంతే ఉంది. అందువల్ల మారినది బొచ్చు కాదు, పిల్లి దాన్ని నాకే తీరో, మింగినదాన్ని ముందుకు నెట్టే జీర్ణాశయం, పేగుల కదలికో అయి ఉండాలి.

పిల్లి నాలుక మీద గొంతువైపు వంగిన సన్నని గట్టి ముళ్లుంటాయి. ఒళ్లు నాక్కునేటప్పుడు ఊడిన వెంట్రుకలు వాటికి చిక్కుకుంటాయి, ఉమ్మేయడానికి వీలుండదు కనుక పిల్లి వాటిని మింగేస్తుంది. వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను పిల్లి జీర్ణరసాలు అరిగించలేవు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఇలా మింగిన వెంట్రుకల్లో ఎక్కువ భాగం ఆహారంతోపాటు పేగుల్లోకి జారి మలంలో వెళ్లిపోతుంది, కాబట్టి లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం పెట్టెలో పోసే ఇసుక లాంటి పొడి) ఎత్తేటప్పుడు మలంలో వెంట్రుకలు కనిపిస్తే అది మంచి లక్షణమే. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు గాని, మింగే వెంట్రుకలు మరీ ఎక్కువైనప్పుడు గాని అవి అక్కడే పెనవేసుకుపోయి వాంతిలో బయటికి వస్తాయి. మన చేతిలో ఉన్న పనులు మూడే: మింగే వెంట్రుకలను తగ్గించడం, మింగినవి ముందుకు సాగేలా చూడటం, ఈ రెండూ ఎందుకు గాడి తప్పాయో కనిపెట్టడం. ముసలి పిల్లి విషయంలో మూడోది అన్నిటికంటే ముందు రావాలి.

మొదట, వస్తున్నది వెంట్రుకల ఉండేనా అని తేల్చుకోండి

పిల్లి ఒంటిని నేలకు ఆనించినట్టు వంచి, మెడ ముందుకు సాచి, ఖళ్లుఖళ్లుమని శబ్దం చేసి, చివరికి ఏమీ కక్కకుండా ఒక గుటక వేసి లేచి వెళ్లిపోతే అది చాలాసార్లు వాంతి ప్రయత్నం కాదు, దగ్గు. పిల్లులకు ఆస్తమా వస్తుంది, అది ఇలాగే కనిపిస్తుంది. లోపల ఉండ ఇరుక్కుందనుకుని నెలల తరబడి జెల్ నాకిస్తూ పోతే ఈలోగా ఊపిరితిత్తుల జబ్బు ముదురుతుంది. నిజంగా వాంతి వచ్చే ముందు పిల్లి పెదవులు నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, అటూ ఇటూ తిరుగుతుంది, ఆ తరువాత డొక్కలు లోపలికి లాక్కుంటూ పొట్ట అలలుగా కదులుతుంది. మూడో రకం కూడా ఉంది. తిన్న కొద్ది నిమిషాలకే, పొట్ట కదలిక ఏమీ లేకుండా, అరగని తిండి అలాగే బయటికి జారితే అది అన్నవాహికకు సంబంధించిన సమస్య కావచ్చు. ఈ మూడింటిలో ఏది జరుగుతోందో మాటల్లో చెప్పడం కష్టం కనుక, ఒకటి రెండు సార్లు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. పశువైద్యులకు పది నిమిషాల వర్ణన కంటే అర నిమిషం వీడియో ఎక్కువ ఉపయోగపడుతుంది.

బయటికి వచ్చినదాన్ని కూడా పారేసే ముందు చూడండి. వెంట్రుకల ఉండ గుండ్రంగా ఉండదు. అన్నవాహికలోంచి వచ్చేటప్పుడు నొక్కుకుపోయి వేలంత పొడవుగా, తడిగా, బొచ్చు రంగు కంటే ముదురుగా ఉంటుంది, అందుకే కొందరు దాన్ని మలమని పొరబడతారు. టిష్యూ కాగితంతో పట్టుకుని పుల్లతో విప్పితే లోపల అంతా వెంట్రుకే ఉందా, లేక కాస్త వెంట్రుక చుట్టూ తిండీ పచ్చటి పసరూ ఉన్నాయా అన్నది తెలిసిపోతుంది. ఈ తేడా చాలా ముఖ్యం. పొడవాటి బొచ్చు పిల్లి ఏ కారణంతో వాంతి చేసుకున్నా అందులో కొన్ని వెంట్రుకలు కనబడటం సహజమే, అంతమాత్రాన వాంతికి వెంట్రుకలే కారణమని చెప్పలేం. ఎర్రటి నెత్తురు గాని, కాఫీ పొడి లాంటి ముదురు రేణువులు గాని కనిపిస్తే ఇక ఇంట్లో ప్రయోగాలేవీ చేయకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఒక పుస్తకం, ఒక తూకం పెట్టుకోండి

వాంతి అయిన ప్రతిసారీ తేదీ, వేళ, ఆఖరిసారి తిని ఎన్ని గంటలైంది, బయటికి ఏం వచ్చింది, మలవిసర్జన ఎప్పుడు జరిగింది అన్న వివరాలు రాసిపెట్టండి. తిన్న పది పన్నెండు గంటల తరువాత కూడా అరగని ఆహారం వస్తోందంటే జీర్ణాశయం సరిగా ఖాళీ కావడం లేదన్నమాట, ఇది వెంట్రుకల లెక్క కంటే పెద్ద సమాచారం.

వారానికొకసారి, ఒకే రోజున, పసిపిల్లల తూకం మీద పిల్లి బరువు చూడండి. అలాంటి తూకం లేకపోతే మనుషుల తూకం మీద పిల్లిని ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి నిలబడి తేడా తీయవచ్చు, కానీ చిన్న మార్పులు అందులో తప్పిపోతాయి. పొడవాటి బొచ్చు కింద ఎముకలు తేలినా కంటికి కనబడవు, కాబట్టి చూపును నమ్ముకోకండి. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గడమంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. ప్రయత్నించకుండా అంత బరువు తగ్గితే మనిషి వైద్యుడి దగ్గరికి వెళ్తాడు, పిల్లినీ తీసుకెళ్లాలి. వారానికొకసారి వేళ్లతో వెన్నెముక, డొక్క, తుంటి తడిమి చూడటం కూడా అలవాటు చేసుకోండి.

తరువాత పశువైద్యుల పరీక్ష

ఈ మెట్టును వాయిదా వేయాలనిపిస్తుంది, ఎందుకంటే పిల్లి మిగతా వేళల్లో మామూలుగానే ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లిని ఎలాగూ ఆరు నెలలకోసారి చూపించడం మంచిది, ఉండలు తరచైనప్పుడు మాత్రం ఆ గడువు కోసం ఆగకండి.

ఈ వయసులో ముందుగా అనుమానించవలసినవి కొన్నే. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంది, వాంతులు చేసుకుంటుంది, బొచ్చు నిగారింపు పోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే నీళ్లు ఎక్కువ తాగినా ఒళ్లు ఎండిపోతుంది, వికారంగా ఉంటుంది, మలం గట్టిపడుతుంది. పేగుల గోడల్లో దీర్ఘకాలపు వాపు గాని, నెమ్మదిగా పెరిగే లింఫోమా అనే కేన్సర్ గాని ఉంటే పేగుల కదలికే మారిపోతుంది. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, చాలాకాలం "మా పిల్లికి వెంట్రుకల బాధ ఎక్కువ" అన్న మాట చాటున దాగి ఉంటాయి. రక్తపరీక్షలో థైరాయిడ్ స్థాయి కూడా చూడమని విడిగా అడగండి. మూత్రపరీక్ష, రక్తపోటు, అవసరమైతే పొట్ట అల్ట్రాసౌండ్ దానితో పాటే సాగుతాయి. నోరు తెరిచి పళ్లు చూడమని, కీళ్లు కదిపి చూడమని కూడా చెప్పండి.

కీళ్ల మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో అత్యధిక శాతానికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనిపిస్తుంది, అయినా అవి కుంటవు, మూలగవు. గంతు వేయడం మానేస్తాయి, నడుము వెనక్కి తిప్పి నాక్కోవడం మానేస్తాయి. దాంతో వీపు దిగువన, తొడల వెనుక బొచ్చు అట్ట కడుతుంది, అందే చోట మాత్రం అతిగా నాకుతాయి. నొప్పి తగ్గించే మందు దొరికితే బొచ్చు తీరు కూడా మారుతుంది. అయితే ఆ మందు పశువైద్యులు రాసినదే కావాలి. మనుషులు వాడే పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

దువ్వడం: రోజూ, సరైన వేళలో

ఇంట్లో చేసే పనులన్నిటిలో ఫలితం ఎక్కువ ఇచ్చేది ఇదే. దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకా పిల్లి కడుపులోకి వెళ్లకుండా ఆగినదే. ఒక వైపు పళ్లు ఎడంగా, మరో వైపు దగ్గరగా ఉండే లోహపు దువ్వెన చాలు, పైపై బొచ్చు కోసం సన్నని తీగెల బ్రష్ ఉంటే మరీ మంచిది. పదునైన అంచుతో లోపలి బొచ్చును లాగేసే పనిముట్లు పడుచు పిల్లులకు పనికొస్తాయేమో గాని, ముసలి పిల్లి చర్మం పలచబడి, సాగే గుణం పోయి ఉంటుంది కనుక వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

వేళ కూడా ముఖ్యం. చాలా పిల్లులు తిన్న వెంటనే కూర్చుని ఒళ్లంతా నాక్కుంటాయి, అందువల్ల భోజనానికి ముందు దువ్వితే ఊడిన బొచ్చు నాలుకకు అందకముందే మీ చేతికి వస్తుంది. దువ్వడం అయ్యాక గిన్నె వస్తుందని పిల్లికి కొన్నాళ్లలో అర్థమవుతుంది, అప్పుడు అదే వచ్చి కూర్చుంటుంది.

జారని తువ్వాలు పరిచి పిల్లిని తనకు హాయిగా ఉన్న తీరులో పడుకోనివ్వండి. వెల్లకిలా తిప్పకండి, కాళ్లు పైకి లాగకండి, అరిగిన కీళ్లకు అది నొప్పి. తనకు ఇష్టమైన చెంపలు, మెడ దగ్గర మొదలుపెట్టి వీపు మీదికి రండి. పైపైన దువ్వితే పైబొచ్చు నున్నగా కనిపిస్తుంది గాని ఊడిన మెత్తటి లోపలి బొచ్చు అలాగే ఉంటుంది. కాబట్టి ఒక అరచేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టి, చర్మం కనిపించేలా పాయ తీసి, ఆ పాయను ముందు కొసల దగ్గర, తరువాత కుదుళ్ల దగ్గర దువ్వి, పక్క పాయకు వెళ్లండి. చర్మం నుంచి కొస దాకా దువ్వెన ఎక్కడా ఆగకుండా వస్తే ఆ భాగం పూర్తయినట్టే. చెవుల వెనుక, చంకల్లో, పొట్ట కింద, తొడల వెనుక చిక్కులు ముందుగా పడతాయి, అక్కడ పిల్లి సహనం తక్కువ కూడా. ఒక రోజు చంకలు, మరో రోజు తొడలు అని పంచుకుంటే అయిదు నిమిషాలకు మించి పట్టదు. తోక వేగంగా ఊగినా, చెవులు వెనక్కి వాలినా, వీపు చర్మం అదిరినా అక్కడితో ఆపేయండి. మిగిలినది రేపు చేయవచ్చు, కానీ పిల్లి దువ్వెనను చూసి పారిపోవడం నేర్చుకుంటే ఇక ఏదీ చేయలేరు.

చివరగా అరచేతిని నీళ్లతో తడిపి, పిండేసి, తల నుంచి తోక వైపు రెండు మూడు సార్లు నిమరండి. దువ్వెనకు దొరకని విడి వెంట్రుకలు చేతికి అంటుకుని వస్తాయి. ఇంట్లో మరో పిల్లి ఉండి, అవి ఒకదాన్నొకటి నాక్కుంటుంటే దాన్నీ దువ్వాలి, ఎందుకంటే మీ ముసలి పిల్లి దాని బొచ్చును కూడా మింగుతోంది.

అట్ట కట్టిన బొచ్చు దగ్గర కత్తెర వాడకండి. చిక్కు బిగుసుకునేకొద్దీ చర్మం అందులోకి లాక్కుపోతుంది, బొచ్చు అనుకుని కత్తిరించినది చర్మం అవుతుంది, కుట్లు వేయవలసి వస్తుంది. స్నానం చేయిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది. చిన్న చిక్కును వేళ్లతో విడదీసి, కుదురు దగ్గర రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని కొసల నుంచి దువ్వవచ్చు. పెద్దవాటిని క్లిప్పర్‌తో తీసే అనుభవం ఉన్నవారికి వదిలేయండి. ఏటా బొచ్చు పూర్తిగా గొరిగించడం కంటే పొట్ట కింద, ఆసనం చుట్టూ, తొడల వెనుక మాత్రం పొట్టిగా చేయించడం ముసలి పిల్లికి నప్పుతుంది. పూర్తిగా తీసేస్తే చలికి తట్టుకోలేదు, పైగా అందుకోసం మత్తు ఇవ్వవలసి వస్తే గుండె, మూత్రపిండాల స్థితి ముందుగా చూడాలి.

నాకడం ఎందుకు పెరిగిందో చూడండి

దువ్వేటప్పుడే చర్మం మీద దృష్టి పెట్టండి. నల్లటి చిన్న పొడి కనిపిస్తే తడి తెల్ల కాగితం మీద రాల్చండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీలు అనే దూకే పురుగుల మలం, అందులో ఉన్నది మీ పిల్లి నెత్తురు. ఇంటి గడప దాటని పిల్లికి కూడా ఇవి పడతాయి. మందు తప్పనిసరిగా పిల్లుల కోసం తయారైనదే కావాలి. కుక్కలకు వేసే మందుల్లో కొన్నిట్లో ఉండే పర్‌మెత్రిన్ పిల్లికి విషం. పొట్ట మీద, తొడల లోపల బొచ్చు కత్తిరించినట్టు పొట్టిగా ఉంటే పిల్లి అక్కడ అతిగా నాకుతోందని అర్థం. దాని వెనుక అలర్జీ, మూత్రాశయపు నొప్పి, కీళ్ల నొప్పి, ఇంట్లో జరిగిన మార్పు వల్ల కలిగిన బెదురు వంటివి ఉండవచ్చు.

తిండి, నీళ్లు

పొడి గుళికల్లో నీరు ఇంచుమించు పదో వంతే, డబ్బాలో వచ్చే తడి ఆహారంలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ముసలి పిల్లికి దాహం సరిగా తెలియదు, మూత్రపిండాలు నీటిని నిలుపుకోలేవు, కాబట్టి వీలైనంత నీరు తిండి ద్వారానే వెళ్లాలి. మార్పు నెమ్మదిగా, వారం పది రోజుల పాటు, పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ చేయండి. "ఆకలైతే అదే తింటుంది" అని గిన్నె తీసేయకండి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది, లావుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

రెండు పూటలా పెట్టే తిండినే నాలుగైదు చిన్న భాగాలు చేసి పెట్టండి. పరిమాణం పెంచనక్కరలేదు. జీర్ణాశయం తక్కువ తిండిని సులువుగా ఖాళీ చేస్తుంది, ఆ కదలికతో వెంట్రుకలు కూడా ముందుకు సాగుతాయి. నీళ్ల గిన్నెలు వెడల్పుగా, లిట్టర్ పెట్టెకు దూరంగా, పిల్లి తిరిగే రెండు మూడు చోట్ల ఉండాలి. మాంసం ఉడికించిన నీళ్లు కలిపితే ఇష్టంగా తాగుతుంది, అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండకూడదు. పాలు ఇవ్వకండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అవి పడవు.

వెంట్రుకల ఉండల కోసమని అమ్మే ప్రత్యేక ఆహారాల్లో పీచు ఎక్కువ ఉంటుంది. కొన్ని పిల్లులకు అవి మేలు చేస్తాయి. కానీ చిక్కిపోతున్న పిల్లికి, మూత్రపిండాల కోసం వైద్యులు రాసిన ఆహారం తింటున్న పిల్లికి అడగకుండా మార్చకండి. ఆ పిల్లులకు ఉన్న ఆహారంలోనే పీచు కలపడం నయం. చక్కెర, రుచులు కలపని ఇసబ్‌గోల్ పొట్టు టీస్పూన్‌లో ఎనిమిదో వంతు తీసుకుని, రెండు మూడు చెంచాల నీళ్లలో నానబెట్టి, జిగురుగా ఉబ్బాక తడి ఆహారంలో కలపండి. వారం చూసి, మలం మెత్తగా, ఆకారంతో వస్తుంటే పశువైద్యుల సలహాతో పావు టీస్పూన్ దాకా పెంచవచ్చు. ఉడికించి మెత్తగా చేసిన గుమ్మడి గుజ్జు ఒక టీస్పూన్ కూడా ఇదే పని చేస్తుంది. నీళ్లు చాలని పిల్లికి పీచు పెడితే మలబద్ధకం తగ్గకపోగా ముదురుతుంది, కాబట్టి ముందు నీళ్ల సంగతి, తరువాతే పీచు.

జెల్ ఎప్పుడు, ఎలా

మాల్ట్ రుచితో వచ్చే జెల్ గొట్టాల్లో చాలావాటిలో ఉండేది పెట్రోలియం జెల్లీ లాంటి జారుడు పదార్థమే. అది వెంట్రుకను కరిగించదు, జారేలా చేస్తుంది, అంతే. బొచ్చు బాగా ఊడే కాలంలో కొద్ది రోజులు వాడుకోవచ్చు, ఏడాది పొడవునా వాడితే మాత్రం కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటికి పట్టకుండా అడ్డుపడే అవకాశం ఉంది. అందుకే తిండితో కలపకుండా, రెండు భోజనాల నడుమ ఇవ్వాలి. ముంగాలి మీద రాస్తే పిల్లే నాకుతుంది. ద్రవ పారఫిన్ వంటి నూనెలను సిరంజితో నోట్లో పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వాటికి రుచీ వాసనా ఉండవు కనుక పిల్లికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి, ఆ తరువాత వచ్చే న్యుమోనియాకు వైద్యం కష్టం. వెన్న, వంటనూనె జారుడుగా పేగుల దాకా చేరవు, మధ్యలోనే అరిగిపోతాయి, విరేచనాలు మాత్రం మిగులుతాయి.

ఆసుపత్రికి వెంటనే వెళ్లవలసిన వేళ

పదేపదే ఓకరిస్తూ ఏమీ కక్కలేకపోవడం, ఇరవై నాలుగు గంటలుగా ఏమీ తినకపోవడం, నీళ్లు కూడా నిలవకపోవడం, పొట్ట ఉబ్బి ముట్టుకోనివ్వకపోవడం, రెండు రోజులుగా మలం రాకపోవడం, మూలన నక్కి పిలిచినా కదలకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉండ పేగులో అడ్డుపడి ఉండవచ్చు. లిట్టర్ పెట్టెలో మాటిమాటికీ ముక్కుతుంటే అది మలబద్ధకమని తీర్మానించుకోకండి. మగపిల్లి అయితే మూత్రం ఆగిపోయి ఉండవచ్చు, అది గంటల్లో తేల్చవలసిన వ్యవహారం. దారిలో జెల్, నూనె, మనుషుల విరేచన మందులు ఏవీ ఇవ్వకండి. ఫాస్ఫేట్ కలిసిన ఎనీమా పిల్లికి ప్రాణాంతకం. నోటి నుంచి గాని, ఆసనం నుంచి గాని దారం కొస వేలాడుతుంటే లాగకండి, పేగు కోసుకుపోతుంది.

వెంట్రుకల ఉండ ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడకపోవచ్చు, అందుకే అల్ట్రాసౌండ్ కూడా అడుగుతారు. కొన్నిసార్లు సెలైన్ ఎక్కించి, వాంతి తగ్గించే మందు ఇస్తే పేగు తనంతట తాను కదులుతుంది. అలా కదలకపోతే ఎండోస్కోప్‌తో (నోట్లోంచి లోపలికి పంపే కెమెరా గొట్టంతో) తీయవలసి రావచ్చు, లేదా శస్త్రచికిత్స దాకా వెళ్లవలసి రావచ్చు. ఒకవేళ పొట్ట తెరవవలసి వస్తే, ఉండను తీసే చేత్తోనే జీర్ణాశయం, పేగుల గోడల నుంచి చిన్న ముక్కలు బయాప్సీకి తీయగలరా అని శస్త్రచికిత్సకు ముందే పశువైద్యులను అడగండి. ఉండను తీసినంత మాత్రాన అది అక్కడ ఎందుకు ఆగిందో తెలియదు, ఆ ముక్కల పరీక్షలో తెలిసే అవకాశం ఉంది.